ఆదివారం రైలు రద్దయితే ఇల్లాలి లెక్క ఎవరికి పడుతుంది?

ఆదివారం సెలవు రోజని ఎవరు చెప్పారో గానీ, ఆ చెప్పినవాళ్లు మన వంటింట్లోకి ఒక్కసారీ తొంగి చూసి ఉండరు. మన పల్లెటూళ్లలో అసలు ప్రయాణాలన్నీ ఆ రోజే పెట్టుకుంటాం. హాస్టల్లో ఉన్న పిల్లాడిని చూసి రావాలన్నా, హైదరాబాద్‌లో ఆడబిడ్డ ఇంట్లో సీమంతానికి వెళ్లాలన్నా, పిల్లలను పోటీ పరీక్షకు తీసుకెళ్లాలన్నా ఆదివారమే. మిగతా రోజుల్లో బడులు, పొలం పనులు, ఆఫీసులు ఉంటాయి కదా!

సరిగ్గా ఆ శని, ఆదివారాల్లోనే రైళ్లు రద్దవుతుంటాయి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు శని, ఆదివారాల్లో కొన్ని ఎంఎంటీఎస్ రైళ్లు రద్దని చదవడం అలవాటైపోయింది. ఉద్యోగులు ఎక్కే రోజులు కావు కాబట్టి పట్టాల పని అప్పుడు పెట్టుకుంటారు. వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే. కానీ ఆ లెక్కలో జీతానికి వెళ్లేవాళ్లే ప్రయాణికులు. మందుల సంచీ, టిఫిన్ డబ్బా, చంటిపిల్ల, ముసలి అత్తగారు, వీళ్లందరితో బయల్దేరే ఆడమనిషి ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. నా బాధల్లా అదే.

మా మాచవరంలో రైలు స్టేషన్ లేదు. రైలెక్కాలంటే పిడుగురాళ్ల వెళ్లాలి. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికూడి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా హైదరాబాద్ వెళ్లే లైన్ మాది. చాలాకాలంగా అది ఒంటి పట్టాల దారి. ఎదురుగా ఒక బండి వస్తుంటే ఇంకో బండి స్టేషన్లో ఆగి దారి ఇవ్వాల్సిందే. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏడు రైల్వే ప్రాజెక్టుల్లో గుంటూరు, బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల రెండో లైన్ కూడా ఉంది. మంచిదే. రెండో లైన్ పూర్తయితే ఈ ఎదురుచూపులు తగ్గుతాయి. కానీ నడుస్తున్న లైన్ పక్కనే కొత్త లైన్ వేసి, స్టేషన్లలో రెంటినీ కలపాలంటే బండ్లు కొన్ని గంటలు ఆపక తప్పదు. ఇల్లు బాగు చేయించుకునేటప్పుడు నాలుగు రోజులు వంట వరండాలో చేసుకోమా? పని వద్దని నేననను. వరండాలో పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ముందే చెప్పమంటున్నాను, అంతే.

రద్దు ప్రకటన ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. బండి నంబర్లు, తేదీలు, అంతే. ఆ బండి బదులు ఎలా వెళ్లాలో అందులో ఉండదు. ఆ భాగం పూరించాల్సింది ఇంట్లో ఉన్న ఆడవాళ్లే. పొద్దున ఆరింటికి బయల్దేరే ఇల్లాలు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలంటే, ముందు రోజు రాత్రే పప్పు నానబెట్టుకోవాలి. మామగారి మాత్రలు ఎవరిస్తారో మాట్లాడి పెట్టుకోవాలి. గేదెకు మేత ఎవరు వేస్తారో చూసుకోవాలి. రైలు రద్దయితే మగవాడికి పోయేది ఒక టికెట్టే, ఆడదానికైతే రోజంతా తలకిందులవుతుంది.

అసలు వేరే దారే లేదా అంటే ఉంది. 2024 సెప్టెంబరు 1 గుర్తుందా? అది కూడా ఆదివారమే. ముందు రాత్రి కురిసిన కుంభవృష్టికి మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. విజయవాడ, వరంగల్ మధ్య రైళ్లు ఆగిపోయాయి. అటు నందిగామ దగ్గర విజయవాడ - హైదరాబాద్ హైవే మీదికి నీళ్లొచ్చాయి. అప్పుడు అందరికీ దారి చూపింది మన పల్నాడే! కొన్ని రైళ్లను గుంటూరు, నల్గొండ మీదుగా మళ్లించారు. హైదరాబాద్ వెళ్లే బస్సులూ కార్లూ గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నడిచాయి. అంత వరదలో, ఒక్క రోజులో దారి వెతకగలిగినవాళ్లు, నెల ముందే తెలిసిన పట్టాల పనికి వెతకలేరా? ప్రకటనలో ఒక్క వాక్యం కలపలేరా?

వాళ్లు కలిపేదాకా మన దారి మనమే గీసి పెట్టుకుందాం. నేను ఒక పాత నోటుబుక్కులో రాసి పెట్టుకున్నవి చెప్తాను.

మొదట మాటలు అర్థం చేసుకోవాలి. రద్దంటే బండి లేనట్టే. పాక్షికంగా రద్దు అంటే మధ్యలో ఏదో స్టేషన్ దాకా నడిచి ఆగిపోతుంది, మనం దిగాల్సింది ఆ లోపే అయితే మనకు ఇబ్బంది లేదు. దారి మళ్లింపంటే బండి నడుస్తుంది గానీ మన స్టేషన్‌కు రాకపోవచ్చు. ఈ మూడింటిలో ఏదో బయల్దేరే ముందు రోజు 139కి ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.

హైదరాబాద్ వెళ్లాలంటే పిడుగురాళ్ల నుంచి బస్సే. అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు మీదుగా దాచేపల్లి, మిర్యాలగూడ దాటి, నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి ఎల్బీ నగర్ వైపు వెళ్తుంది. ఎల్బీ నగర్‌లోనే దిగి మెట్రో ఎక్కండి. అదే రైలు మియాపూర్ దాకా పోతుంది. హైటెక్ సిటీ, రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేటలో మారాలి. సికింద్రాబాద్ వెళ్లాలంటే ఎంజీబీఎస్‌లో మారితే సికింద్రాబాద్ వెస్ట్ అనే స్టేషన్ వస్తుంది. ఆటోవాళ్లతో బేరాలుండవు, ట్రాఫిక్‌లో పిల్లలకు వాంతులుండవు.

రైలు నడిచే రోజైనా ఎక్కడ దిగుతామో చూసుకోవాలి. మన లైన్ మీదుగా వెళ్లే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ 2025 ఏప్రిల్ 25 నుంచి సికింద్రాబాద్, బేగంపేట వెళ్లకుండా చర్లపల్లి మీదుగా లింగంపల్లి పోతోంది. సికింద్రాబాద్‌లో తమ్ముడు ఎదురుచూస్తుంటాడని అక్కడే అనుకుంటూ కూర్చుంటే కుదరదు. ముందే ఫోన్లో చెప్పి పెట్టుకోవాలి.

డబ్బు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. గుంటూరు, విజయవాడ, నరసరావుపేట ప్రయాణాలకు అది పెద్ద ఆసరా. కానీ రాష్ట్రం దాటే బస్సులకు అది వర్తించదు. తెలంగాణ మహాలక్ష్మి పథకం అక్కడి ఆడవాళ్లకే. కాబట్టి హైదరాబాద్ ప్రయాణానికి బస్సు చార్జీ కొంగున కట్టుకునే బయల్దేరాలి.

రైల్వే వాళ్లే బండి రద్దు చేస్తే టికెట్ డబ్బు పూర్తిగా తిరిగొస్తుంది. ఫోన్లో కొన్నదైతే మనం ఏం చేయక్కర్లేదు, దానంతటదే ఖాతాలో పడుతుంది. కౌంటర్లో కొన్న టికెట్ మాత్రం మూడు రోజుల్లోగా కౌంటర్లో ఇవ్వాలి. "పోతే పోయిందిలే" అని డబ్బాలో పడేసే టికెట్లు మన ఇళ్లలో ఎన్నుంటాయో ఒకసారి వెతకండి.

పరీక్ష ఉన్న పిల్లల విషయంలో మాత్రం నాది ఒకటే మాట. ఆదివారం పొద్దున పరీక్ష అయితే శనివారం సాయంత్రానికే ఆ ఊళ్లో ఉండాలి. ఏడాది చదువును ఒక బండి నంబరుకు తాకట్టు పెట్టకూడదు. బంధువులుంటే సరే, లేకపోతే హాస్టల్లో ఉన్న స్నేహితురాలి గది. ఆడపిల్ల కదా, రాత్రి వేరే ఊళ్లో ఎలా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. తల్లి తోడు వెళ్తే సరిపోతుంది. ఒక రాత్రి నాన్న పప్పు వండుకోలేడా ఏం?

ఇక అడగాల్సినవాళ్లను అడుగుతున్నాను. పట్టాల పని ఉన్న రోజు పిడుగురాళ్ల, సత్తెనపల్లి లాంటి స్టేషన్ల ముందు నుంచి ఆర్టీసీ బస్సు ఒకటైనా అదనంగా పెట్టండి. రద్దు సంగతి ఫోన్ లేనివాళ్లకు కూడా తెలిసేలా బస్టాండులో తెలుగులో రాసి అంటించండి. పక్కనే, బదులుగా ఏ బస్సు ఎన్నింటికో రాయండి. దీనికి కోట్లు అక్కర్లేదు, ఒక కాగితం, కొంచెం గోందు చాలు.

మన సంగతికొస్తే, ప్రయాణం లెక్క ఇంకొకరు చూస్తారులే అని వదిలేయకండి. బండి ఉందో లేదో ఆయన్ని అడిగి, ఆయన ఎవరినో అడిగి, చివరికి ఎవరూ అడగకుండానే స్టేషన్‌కు వెళ్లే రోజులు చాలు. వంటింటి గోడకు గ్యాస్ నంబరు, పాలవాడి లెక్క అంటించుకుంటాం కదా, దాని పక్కనే 139 నంబరు, పిడుగురాళ్ల నుంచి బస్సుల టైములు రాసి పెట్టుకోండి. పెళ్లికి కట్నం చదివించేది, సారె పట్టుకెళ్లేది, పురిటికి తోడుండేది అన్నీ మనమే అయినప్పుడు, ఆ దారి కూడా మనకే తెలిసి ఉండాలి.