మా ఊరి ఇంగ్లీషు ఏ లెక్కలో ఉంది?

“యూ ఆర్ కమింగ్, ఇజంట్ ఇట్?” అని మా రామకుప్పం కుర్రవాడు పరీక్షలో వ్రాస్తే ఎర్రసిరాతో సున్న పడుతుంది. “ఆరంట్ యూ” అని వ్రాయాలి. బ్రిటిషు వ్యాకరణం ప్రకారం అది నిజమే. కానీ ఆ కుర్రవాడి మనసులో ఉన్నది మన ‘కదా’. నువ్వు వస్తావు కదా, వాళ్ళు వెళ్ళారు కదా, వాన పడింది కదా: కర్త ఎవరైనా, కాలమేదైనా మన ‘కదా’ మారదు. తన భాషలోని నియమాన్నే వాడు పరాయి భాషలోనూ పాటించాడు.

విచిత్రమేమిటంటే, సరిగ్గా ఈ ప్రయోగాన్నే విశ్వవిద్యాలయాల్లోని భాషాశాస్త్రజ్ఞులు భారతీయ ఆంగ్లపు లక్షణాల్లో ఒకటిగా గుర్తించి, దాని మీద వ్యాసాలు వ్రాస్తారు. అక్కడ లక్షణమైనది ఇక్కడ లోపమయింది. ఈ రెంటి మధ్యనున్న దూరం గురించే నా బాధంతా.

కాశ్మీరులో పుట్టి, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బ్రజ్ కచ్రూ 1985లో ప్రపంచ ఆంగ్లాన్ని మూడు వలయాలుగా చూపారు. ఇంటిభాషగా ఉన్న బ్రిటన్, అమెరికా వంటివి లోపలి వలయం. వలసపాలన వల్ల చదువుకూ కచేరీలకూ ఆంగ్లం అలవాటైన మన దేశం వంటివి బయటి వలయం. పరాయి భాషగా నేర్చుకొనే చైనా, జపాను వంటివి విస్తరిస్తున్న వలయం. ఆంగ్లం దొరలొక్కరి సొత్తు కాదని చెప్పిన ఆయనకు మనం ఋణపడి ఉన్నాం. అయితే మూడు రాష్ట్రాలు కలిసే మా కుప్పం ప్రాంతాన్ని చూడండి. ఇంట్లో తెలుగు, సంతలో తమిళమో కన్నడమో, ఆంగ్లం మాత్రం పాఠ్యపుస్తకంలో. పటంలో మేము బయటి వలయం; బ్రతుకులో మూడవ వలయం.

ఇక లెక్కల సంగతి. వివిధ దేశాల ఆంగ్లాన్ని పోల్చిచూడడానికి లండనులో సిడ్నీ గ్రీన్‌బామ్ చొరవతో 1990 ప్రాంతంలో ఒక అంతర్జాతీయ భాషాభాండాగారం మొదలయింది. దేశానికి 500 పాఠాలు, పాఠానికి సుమారు 2,000 మాటలు, వెరసి 10 లక్షలు. ఇందులో 300 పాఠాలు నోటిమాటలే. భారతీయ విభాగం తయారీలో కొల్హాపూరులోని శివాజీ విశ్వవిద్యాలయానికి పాలుంది. మంచి పనే. కానీ అందులో చోటు దక్కాలంటే సాధారణంగా 18 ఏళ్ళు నిండి, ఆంగ్ల మాధ్యమంలో చదివి ఉండాలి. దేశదేశాల విద్యావంతుల భాషను పోల్చాలంటే ఇటువంటి కొలబద్ద అవసరమే, కాదనను. కానీ ఫలితం? తెలుగు మాధ్యమంలో చదివి, కుప్పంలో రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, అక్కడ ఇంగ్లీషుతో నెట్టుకొచ్చే మావాడి మాట ‘భారతీయ ఆంగ్లం’ లెక్కలోకే రాదు. ఇంగ్లీషు మీద జీతం ఆధారపడినవాడు లెక్కకు అందలేదు.

“మరయితే తప్పులన్నీ ఒప్పులేనా?” అని మీరడగవచ్చు. 1990లో రాండల్ఫ్ క్వర్క్ అనే బ్రిటిషు పండితుడు దాదాపు ఈ సందేహమే లేవనెత్తారు. రకాల పేరిట ప్రామాణిక భాష నేర్పకపోతే నష్టపోయేది విద్యార్థే అన్నారు. మరుసటి ఏడు కచ్రూ దానికి ఘాటుగా బదులిచ్చారు. నాకు క్వర్క్ భయంలోనూ న్యాయం కనబడుతుంది. ఉద్యోగపు పరీక్షలో ‘ఇజంట్ ఇట్’ వ్రాసి ఓడిపోయిన పిల్లవాణ్ణి ఏ సిద్ధాంతమూ ఆదుకోదు. కనుక ప్రామాణిక రూపం నేర్పవలసిందే. అయితే “నీకు బుద్ధి లేదు” అని నేర్పడం వేరు, “మన ‘కదా’ మారదు, వాళ్ళది కర్తను బట్టి మారుతుంది, చూడు” అని నేర్పడం వేరు. రెండవ పద్ధతిలో పిల్లవాడికి రెండు భాషలూ వస్తాయి. మొదటిదానిలో ఉన్న ధైర్యం కాస్తా పోతుంది.

ఆ రెండవ పద్ధతికి పంతుళ్ళ చేతిలో సరుకుండాలి. ఆ సరుకు ఇవ్వవలసినది పరిశోధనే. తెలుగు, తమిళ, కన్నడాల ప్రభావం ఆంగ్లం మీద ఎలా పడుతుందో చూడడానికి కుప్పాన్ని మించిన చోటేది? 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. పల్లె బడుల జవాబు పత్రాలు, బస్టాండు మాటలు, దుకాణాల పలకలు పోగుచేస్తే ఒక చక్కని సంపుటం తయారవుతుంది.

గిడుగు రామమూర్తి గారు సవరల మధ్యకు వెళ్ళి, వారి నోట విని వారి భాష నేర్చుకున్నారు. ఉన్న భాషను ముందు వినాలి, తీర్పు తరువాత చెప్పాలి అన్నది ఆ పని నేర్పే పాఠమని నా నమ్మకం. తెలుగు విషయంలో ఆయనను తలుచుకొని పొంగిపోయే మనం, మన పిల్లల ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి చిన్నయసూరి శిష్యులమైపోతాం. ఇదేమి న్యాయం?