చేపల నిమజ్జనం

ఇంట్లో అక్వేరియం కట్టుకుంటానంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటే పాట. పగిలిపోతుంది, హాలంతా నీళ్ళు, కింద ఫ్లాటువాళ్ళతో గొడవ... భయపడాల్సింది దానికి కాదు మహాప్రభో! అద్దం పగిలితే మీ ఇల్లు తడుస్తుంది, అంతే. రెండేళ్ళ తర్వాత ఆ చేపని బకెట్లో వేసుకుని శ్రీశైలం బయల్దేరతారు చూడండి, నా భయమంతా దానికి.

ముందు అద్దం సంగతి తేల్చేద్దాం. అదేం బ్రహ్మవిద్య కాదు. ఐదు గాజు పలకలు, అక్వేరియంకి పనికొచ్చే సిలికాన్, మాస్కింగ్ టేపు, కాస్త ఓపిక. (బాత్రూముల్లో పూసే సిలికాన్ వద్దు. బూజు పట్టకుండా అందులో కలిపే మందు చేపలకి విషం.) అద్దాల కొట్టులోనే అంచులు రుద్దించుకుని, శుభ్రంగా తుడిచి అతికించాక, వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఓ వారం దాని జోలికి పోకూడదు. అడుగున థర్మోకోల్ షీటు వెయ్యాలి. లెక్క కూడా ఇంటర్ ఫిజిక్స్ దాటదు. 4 అడుగుల పొడవు తొట్టిలో అడుగు ఎత్తున నీళ్ళు పోస్తే, అవి ముందు అద్దాన్ని దాదాపు 57 కిలోల బరువుతో నెడతాయి. నీళ్ళ ఎత్తు అడుగున్నర చేశారా, 127 కిలోలు! ఎత్తు పెరిగింది ఒకటిన్నర రెట్లే, తోపుడు మాత్రం రెండుంబావు రెట్లు. తొట్టి వెడల్పు ఎంతైనా ఈ అంకె మారదు. శ్రీశైలం డ్యామ్‌కీ ఇదే సూత్రం. వెనక నీళ్ళు ఎన్ని మైళ్ళు నిలిచాయన్నది కాదు, గోడ దగ్గర ఎంత లోతున్నాయన్నదే ముఖ్యం. (అన్నట్టు, వరదలొచ్చినప్పుడల్లా పేపర్లో కనబడే 885 అడుగులు లోతు కాదండీ, సముద్రమట్టం నుంచి లెక్క.) కాబట్టి ఎత్తు తగ్గించుకుని పొడవూ వెడల్పూ పెంచుకోండి, చేపకి కావాల్సిందీ ఆ చోటే. అడుగున్నర ఎత్తు తప్పదంటే 10 మిల్లీమీటర్ల అద్దం తీసుకోండి.

ఇన్ని లెక్కలు కట్టే మన ఇంజినీర్లు ఒక్క లెక్క మాత్రం కట్టరు. చేప ఎంత పెరుగుతుంది?

కొట్టువాడు అడక్కుండానే ఓ రెండంగుళాల నల్ల చేపని కవర్లో వేసిస్తాడు. "సక్కర్ ఫిష్ సార్, అద్దం మీద పాచి అదే తినేస్తుంది, మీరు తుడవక్కర్లేదు". మనకి ఇంకేం కావాలి, జీతం లేని పనిమనిషి! అది దక్షిణ అమెరికా చేప అనీ, అడుగు దాటి పెరుగుతుందనీ వాడు చెప్పడు, మనం అడగం. ఏడాదయ్యేసరికి తొట్టిలో వెనక్కి తిరగడానికి దానికి చోటుండదు. పాచి మానేసి మిగతా చేపల మేతకి ఎగబడుతుంది, తొట్టంతా పెంటపెంట చేస్తుంది. అప్పుడు పుట్టుకొస్తుంది మనలో జీవకారుణ్యం. "పాపం, స్వేచ్ఛగా బతకనీ". ఎక్కడ? కృష్ణలో! పైగా మల్లన్న దర్శనంతో కలిపి ఒకే ట్రిప్పు.

పాతాళగంగ మెట్ల దగ్గర ఒకాయన్ని ఈ పని చేస్తుండగా ఆపబోయాను. "ఒక్క చేపకేమవుతుంది తమ్ముడూ, అంతా మల్లన్న చూసుకుంటాడు" అన్నాడు. అన్నా, గుడికొచ్చే వేలమందిలో ఆ మాట అనేది నువ్వొక్కడివే అయితే నేను నోరెత్తేవాణ్ణే కాదు.

ఒక్క చేపకేమవుతుందో చూడండి. సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపని పట్టకుండానే నీళ్ళలో అది వదిలిన డీఎన్‌ఏని బట్టి వెతికారు. తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో 60 శాతం దాకా ఈ సక్కర్ జాతి పాకిపోయిందని 2024లో బయటపెట్టారు. నల్లమల కూడా తూర్పు కనుమల్లో భాగమే కదా! అది గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. ఒళ్ళంతా గట్టి పెంకు, రెక్కలకి ముళ్ళు. వలలో చిక్కిందంటే వల కోసి తియ్యాల్సిందే. శ్రీశైలం వెనక నీళ్ళ ఒడ్డున గుడిసెలు వేసుకుని వలల మీద బతికేవాళ్ళున్నారు, ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చినవాళ్ళూ ఉన్నారు వాళ్ళలో. బొచ్చె పడితే డబ్బులు, కొర్రమీను పడితే పండగ. ఇది పడితే కొనేవాడుండడు, చిరిగిన వల మిగులుతుంది. మీ పుణ్యానికి బిల్లు కట్టేది వాళ్ళన్నమాట.

"ప్రభుత్వమే పైచేపల్ని తెచ్చి వదల్లేదా" అని వాదించేవాళ్ళు ఉంటారు. నిజమే, తిలాపియాని 1952లో మన దేశానికి తెచ్చారు. తిండికి పనికొస్తుందనే తెచ్చారు. ఇప్పుడది లేని చెరువు వెతుక్కోవాలి. ఇది నా వాదనకే బలం గానీ మీ వాదనకి కాదు.

మా సాఫ్ట్‌వేర్‌లో రిలీజ్ అంటే ఎన్ని జాగ్రత్తలు! టెస్టింగు, అప్రూవల్, తేడా వస్తే రోల్‌బ్యాక్. నదిలో రిలీజ్‌కి రోల్‌బ్యాక్ లేదండీ. వదిలిన చేపల్లో నాజూకువి గంటలోనో రోజులోనో చస్తాయి, కాబట్టి వాటికి మీరిచ్చింది స్వేచ్ఛ కాదు. మొండివి బతుకుతాయి, అవే కొంప ముంచేవి.

మరేం చెయ్యాలంటారా? తొట్టి కట్టకముందే చేపని ఎంచుకోండి, పూర్తిగా పెరిగాక దాని పొడవెంతో తెలుసుకుని పలకలు కోయించండి. మూడడుగుల తొట్టి దాటలేమంటే గప్పీలు, జీబ్రా డానియోలు పెంచుకోండి, పాచి మీ చేత్తో మీరే గీక్కోండి, ఐదు నిమిషాల పని. ఇప్పటికే సక్కర్ ఉంటే కొట్టువాడికి తిరిగివ్వండి, వాడు కాదంటే పెద్ద తొట్టి ఉన్నవాళ్ళెవరికైనా ఇవ్వండి. ఎవరూ తీసుకోకపోతే, తగినంత లవంగ నూనె కలిపిన నీళ్ళలో వేస్తే చేప మత్తులోకి జారి అలాగే పోతుంది. అవును, చంపమనే అంటున్నాను. మీరు తెచ్చిన ప్రాణం అది, లెక్క మీ ఇంట్లోనే తేల్చుకోండి. తొట్టి కడిగిన నీళ్ళు కూడా వాగులోకీ కాలవలోకీ వద్దు, గుడ్లూ పిల్లలూ అందులోనే పోతాయి. పెరట్లో మందార మొక్కకి పొయ్యండి.