బ్యాంక్ షేర్లు: డివిడెండ్‌ని పెన్షన్ అనుకుంటున్నారా? ఆంధ్రా బ్యాంక్ లెక్క ఒకసారి చూడండి

హైదరాబాద్: ఎఫ్‌డీ వడ్డీ తగ్గింది. స్టాక్ మార్కెట్ చూస్తే అమెరికా సుంకాలు, యుద్ధ వార్తలతో ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి. ఇలాంటప్పుడు చాలా మంది చూపు బ్యాంక్ షేర్ల మీద పడుతుంది. ‘బ్యాంకే కదా, ఎక్కడికి పోతుంది? ఏటా డివిడెండ్ వస్తుంది, ధర కూడా పెరుగుతుంది’ అనేది వాళ్ల లెక్క. ఇందులో నిజం సగమే. మిగతా సగం తెలియాలంటే మన దగ్గరి బ్యాంకుల చరిత్రే చాలు.

తార్నాకలో ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. ఉస్మానియా యూనివర్సిటీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాప్.. ఇలాంటి చోట్ల పనిచేసి రిటైర్ అయినవాళ్లు చుట్టుపక్కల కాలనీల్లో ఉంటారు. చేతికొచ్చిన డబ్బు నెలనెలా ఖర్చుకు పనికిరావాలి. అటు క్యాంపస్ హాస్టళ్లలో ఫోన్‌లోనే డీమ్యాట్ తెరిచే కుర్రాళ్లూ ఉన్నారు. ఇద్దరి అవసరాలు వేరు, కానీ ఇద్దరికీ కనిపిస్తున్నది అదే బ్యాంక్ షేరు.

వడ్డీ ఎందుకు తగ్గింది?

2025 మొదట్లో రెపో రేటు 6.50 శాతం. ఆర్‌బీఐ విడతలవారీగా తగ్గిస్తూ డిసెంబర్ నాటికి 5.25 శాతానికి తెచ్చింది. రెపో తగ్గితే లోన్ తీసుకున్నవాళ్లకు పండగే. డిపాజిట్ వడ్డీ మీద బతికేవాళ్లకు మాత్రం ఆదాయం కోత పడినట్టే. అక్కడి నుంచే ‘డివిడెండ్ ఇచ్చే షేర్లు ఏవి?’ అనే వెతుకులాట మొదలవుతుంది.

ఆంధ్రా బ్యాంక్: 5,000 నుంచి సున్నాకి

1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన బ్యాంక్ ఇది. తెలుగువాళ్లకు సొంతింటి బ్యాంక్ లాంటిది. ఒకప్పుడు డివిడెండ్ బాగా ఇస్తుందని పేరు కూడా ఉంది. 2012-13 సంవత్సరానికి షేరుకు 5 రూపాయలు ఇచ్చింది. అంటే 1,000 షేర్లు ఉన్నవాళ్లకు 5,000 రూపాయలు.

తర్వాత మొండి బాకీలు పెరిగాయి. 2017-18లో 3,400 కోట్ల రూపాయలకు పైగా నష్టం, మరుసటి ఏడాదీ నష్టమే. లాభం లేనప్పుడు డివిడెండ్ ఎక్కడిది? 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది. ప్రతి 1,000 ఆంధ్రా బ్యాంక్ షేర్లకు 325 యూనియన్ బ్యాంక్ షేర్లు ఇచ్చారు.

ఆ 325 షేర్ల మీద 2020-21కి వచ్చింది సున్నా. 2021-22కి షేరుకు 1.90 చొప్పున సుమారు 617 రూపాయలు. 2024-25కి షేరుకు 4.75 చొప్పున సుమారు 1,544 రూపాయలు. పన్నెండేళ్ల కిందట 5,000 తెచ్చిన షేర్లు, బ్యాంకింగ్ రంగం మంచి లాభాల్లో ఉన్న ఏడాదిలో కూడా అందులో మూడో వంతు కంటే తక్కువే తెచ్చాయి. ఈలోపు మందుల ఖర్చు, కరెంటు బిల్లు ఎంత పెరిగాయో వేరే చెప్పక్కర్లేదు.

ఎస్‌బీఐ కూడా ఆపింది

‘అది చిన్న బ్యాంక్, పెద్ద బ్యాంక్ అయితే భయం లేదు’ అనుకోవచ్చు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌ను 2017 ఏప్రిల్‌లో కలుపుకున్న ఎస్‌బీఐ, ఆ తర్వాతి ఏడాది 6,547 కోట్ల నష్టం చూపింది. 2017-18, 2018-19, 2019-20.. వరుసగా మూడేళ్లు డివిడెండ్ ఇవ్వలేదు. దేశంలోనే అతిపెద్ద బ్యాంక్ పరిస్థితి ఇది.

తర్వాత కథ మారింది. షేరుకు 4 రూపాయలు, 7.10, 11.30, 13.70, 2024-25కి 15.90.. ఏటా పెంచుతూ వచ్చింది. 2020 మే నెలలో షేరు 150 రూపాయల దగ్గర ఉన్నప్పుడు ధైర్యం చేసి కొన్నవాళ్లకు ఇప్పుడు కొన్న ధర మీద 10 శాతం డివిడెండ్ వస్తున్నట్టు లెక్క. కానీ అప్పుడు కొనగలిగింది ఎవరు? ఐదారేళ్లు ఆ డబ్బు ముట్టుకోవాల్సిన అవసరం లేనివాళ్లు. నెల ఖర్చుకు దాని మీదే ఆధారపడ్డవాళ్లు అప్పటికే సగం ధరకు అమ్ముకునే స్థితిలో ఉన్నారు.

కుళాయి ఆర్‌బీఐ చేతిలో

లాభాలు వచ్చినా డివిడెండ్ గ్యారంటీ లేదు. కరోనా లాక్‌డౌన్ వేళ, 2020 ఏప్రిల్ 17న, 2019-20 లాభాల్లోంచి ఇక డివిడెండ్ చెల్లించొద్దని ఆర్‌బీఐ బ్యాంకులను ఆదేశించింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ మాటను మళ్లీ ఖాయం చేసింది. లాభాల్లో ఉన్న ప్రైవేట్ బ్యాంకులకూ అదే రూల్. కారణం సింపుల్: కష్టకాలంలో మూలధనం బ్యాంకులోనే ఉంటే డిపాజిటర్లకు భద్రత.

అసలు పాయింట్ ఇదే. జనం డివిడెండ్ కోసం బ్యాంక్ షేర్ల వైపు చూసేది అనిశ్చితి ఉన్నప్పుడు. ఆ అనిశ్చితి ముదిరితే ముందుగా ఆగేదీ బ్యాంక్ డివిడెండే.

డిపాజిట్ వేరు, బాండ్ వేరు, షేరు వేరు

సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్‌పై 2004 జులైలో మారటోరియం పడింది. ఆగస్టులో దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు నిలిచింది. షేర్‌హోల్డర్లకు ఏమీ దక్కలేదు.

2020 మార్చిలో యస్ బ్యాంక్ విషయంలోనూ డిపాజిట్లు భద్రంగా ఉన్నాయి. ఎక్కువ వడ్డీ వస్తుందని ఏటీ1 బాండ్లు కొన్నవాళ్లవి మాత్రం 8,415 కోట్ల రూపాయలు రద్దయ్యాయి. బోర్డు మీద పేరు ఒకటే అయినా రిస్క్ ఒకటి కాదు. డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు బీమా ఉంటుంది. షేరుకు ఏ బీమా ఉండదు.

10 లక్షల లెక్క

- ఎస్‌బీఐ షేరు 800 రూపాయలు అనుకుంటే 10 లక్షలకు 1,250 షేర్లు వస్తాయి. షేరుకు 15.90 చొప్పున ఏడాదికి 19,875 రూపాయలు. అంటే 2 శాతం.
- సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 8.2 శాతం రేటున చేరితే అదే 10 లక్షలకు ఏడాదికి 82,000. మూడు నెలలకోసారి 20,500 చేతికొస్తాయి. చేరినప్పటి రేటే ఐదేళ్లు ఉంటుంది. గరిష్ఠంగా 30 లక్షల వరకు పెట్టొచ్చు.
- వడ్డీ అయినా డివిడెండ్ అయినా మీ ఆదాయంలో కలిపి పన్ను కట్టాల్సిందే. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను భారం షేర్‌హోల్డర్‌దే.

మరి కొనొద్దా?

కొనొచ్చు. కాకపోతే ఏ డబ్బుతో అన్నదే ముఖ్యం. షేరు ధర పెరిగే అవకాశం స్కీమ్‌లో ఉండదు, నిజమే. అందుకే ఐదేళ్లకు పైగా అవసరం పడని డబ్బుకు బ్యాంక్ షేర్లు పనికొస్తాయి. ఇంటి ఖర్చు, వైద్యం, పిల్లల ఫీజుల డబ్బుకు పనికిరావు. క్యాంపస్‌లో చదివే కుర్రాడికి కాలం చేతిలో ఉంది, కానీ కోచింగ్ ఫీజు డబ్బు పెడితే ఆ కాలం ఉన్నా లేనట్టే.

కొనేముందు ఇవి చూడండి:

- నికర మొండి బాకీలు మూడు, నాలుగేళ్లుగా తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా?
- మూలధన నిష్పత్తి ఆర్‌బీఐ అడిగే కనీస స్థాయి కంటే ఎంత పైన ఉంది?
- 2018, 2020 లాంటి గడ్డు సంవత్సరాల్లో డివిడెండ్ ఇచ్చిందా?
- డివిడెండ్ శాతం ఎక్కువగా కనిపిస్తుంటే, అది ధర పడిపోవడం వల్లా?
- జీతం, ఎఫ్‌డీ, షేర్లు అన్నీ ఒకే బ్యాంక్‌లో ఉన్నాయా?

నెల ఖర్చుకు కావాల్సిన డబ్బు ముందు పక్కన పెట్టాక మిగిలిందే షేర్లకు. డివిడెండ్ వస్తే బోనస్ అనుకోవాలి. రాకపోయినా ఆ నెల ఇల్లు గడవాలి.

(ఈ కథనం అవగాహన కోసమే. పెట్టుబడి పెట్టే ముందు సెబీ రిజిస్టర్డ్ సలహాదారును సంప్రదించండి.)