నాక్సోస్ దీవిలో ఒక శనివారం

పోయిన నెల ఈ శీర్షిక ఎందుకు రాలేదని సంఘం వాకిట్లో నలుగురైదుగురు నన్ను నిలదీశారు. కారణం చెబితే నవ్వుతారేమో. పంపుల ఫౌండ్రీలో స్టోర్సు లెడ్జరు వ్రాసుకునే గుమాస్తా గ్రీసు దేశం వెళ్ళివచ్చాడు. వెళ్ళినమాట నిజమే గాని ఖర్చు నాది కాదు. మా బావమరిది ఓడల ఇంజనీరు. అతని ఓడ మరమ్మతుకని పిరేయస్ రేవులో చాలాకాలం నిలిచిపోయినది. “మే నెలలో పిల్లకు ఎలాగూ సెలవులే కదా బావా, అక్కను, పాపను తీసుకొని రండి” అని టిక్కెట్లు పంపించాడు. ఇక కాదనడానికి నేనెవరిని?

ఏథెన్సు నగరం గురించి పెద్ద పెద్దవాళ్ళు వ్రాసిపెట్టారు. అక్కడ నేను కొత్తగా కనిపెట్టినది ఏమీ లేదు. నేను చెప్పదలచినది నాక్సోస్ అనే దీవిలో గడిపిన ఒక్కరోజు సంగతి. సైక్లడీస్ అనే దీవుల గుంపులో ఇదే పెద్దది. పిరేయస్ నుంచి పెద్ద ఓడలో ఐదు గంటల పైచిలుకు ప్రయాణం.

దీవి చూపించే బస్సులున్నవి. కాని బస్సు ఎక్కితే నలభైమందితో కలిసి పరుగెత్తాలి. ఇక్కడ పావుగంట, అక్కడ పదినిమిషాలు, ఆలస్యమైతే హారను. మా ఇంటావిడ మోకాళ్ళు హారనుకు లొంగవు. అందుచేత మా బావమరిది మా నలుగురికే రోజంతటికి ఒక కారు మాట్లాడాడు. డ్రైవరు ఆ దీవిలో పుట్టినవాడే, ఏభై ఏళ్ళ మనిషి. అతని ఇంగ్లీషు నా ఇంగ్లీషుకు అన్నదమ్ముల వరస. అందువల్ల పదో తరగతి చదివే మా అమ్మాయి దుబాసీ ఉద్యోగంలో చేరినది. ఊరివాళ్ళ గ్రీకును అతడు ఇంగ్లీషు చేసేవాడు, ఆ ఇంగ్లీషును ఆమె తెలుగు చేసేది. మాట మా ఇంటావిడ దగ్గరకు చేరేసరికి ముసలిదైపోయేది.

మొదట సాంగ్రి అనే ఊరి దగ్గర పొలాల నడుమ ఉన్న దిమిత్ర గుడికి వెళ్ళాము. దిమిత్ర అంటే పైరుపంటల దేవత. క్రీస్తుకు పూర్వం సుమారు 530లో పాలరాతితో కట్టారు. తరువాత క్రైస్తవులు ఆ రాళ్ళతోనే అక్కడ చర్చి కట్టుకున్నారు. 1990ల దశకంలో గ్రీకు, జర్మను పండితులు చెదిరిన రాళ్ళను ఏరి, దొరికినంతవరకు గుడిని మళ్ళీ నిలబెట్టారు. పాత రాయికి కొత్త రాయి అతికించినచోట రంగు తేడా తెలుస్తూనే ఉంటుంది, దాచలేదు. పైకప్పు పెంకులు కూడా పాలరాతివేనట. పలచని రాతిలోగుండా వెలుగు లోపలికి దిగేదట. చుట్టూ ఇప్పటికీ పొలాలే. మా ఇంటావిడ చెప్పులు విడిచి దండం పెట్టుకున్నది. డ్రైవరు నవ్వలేదు. అతడూ టోపీ తీశాడు.

దమలాస్ అనే పల్లెలో కుమ్మరిని, పాత నూనె గానుగను చూచాము. గానుగ అన్నానే గాని మన గానుగ లాగా రోలూ రోకలీ కాదు. రాతి పళ్ళెంలో రాతి చక్రాలు దొర్లి ఆలివు కాయలను నలుపుతవి. ఆ పిండిని సంచులకెత్తి మరపట్టు క్రింద పిండుతారు. కుమ్మరి సారె తిప్పుతుండగా మా ఇంటావిడ పది నిమిషాలు కదలలేదు. కారు మనదైతే ఇదే సుఖం.

హల్కి అనే ఊరిలో ఒక మద్యం బట్టీ ఉన్నది. 1896 నుంచి ఒకే కుటుంబం పేరున నడుస్తున్నది. మద్యం అనగానే పత్రిక మూయకండి. ఆ మద్యం దేనితో చేస్తారో తెలుసునా? మన మాదీఫలం చెట్టు ఆకులతో! పండుతో కాదు. ఆకులు కోసి, రాగి కాగులో పోసి బట్టీ పడతారు. దానిని కిత్రో అంటారు. ఆకుపచ్చనిది తియ్యనిది, పసుపుపచ్చనిది ఘాటైనది, రంగులేనిది రెంటికి మధ్య. డ్రైవరు ఒక ఆకు నలిపి మా చేతికిచ్చాడు. ఆ వాసనకు మా ఇంటావిడ “మా నాయనమ్మ వాళ్ళ పెరడు” అన్నది, అంతే. మాదీఫలం తొక్కు పాకంలో వేసి నిలవచేస్తారు. వచ్చిన అతిథికి ఒక స్పూను తీపి, ఒక గ్లాసు చల్లని మంచినీళ్ళు ఇవ్వడం అక్కడి మర్యాద. కిత్రో నేను ఒక గుటక చూచాను. ఏ రంగుదో ఇక్కడ వ్రాయను.

భోజనం సంగతి. శనివారం గాన మా ఇంటావిడకు మాంసం, చేప, గుడ్డు పనికిరావు. ఏమి దొరుకుతుందో అని పొద్దున ఓడ వంటగదిలో పులిహోర కలిపి తెచ్చినది. తీరా చూస్తే బల్ల మీదికి శాకాహారమే వరసగా వచ్చినది. టమాటా పులుసులో మగ్గబెట్టిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, కొండల్లో ఏరిన ఆకుకూర ఉడికించి ఆలివు నూనె, నిమ్మరసం పోసినది, ఆ దీవిలో పండిన ఆలుగడ్డల వేపుడు, గ్రవియేర అనే గట్టి జున్ను. నాక్సోసులో ఆవులు విస్తారం. చుట్టుపక్కల దీవులలో మేకలూ గొర్రెలే ఎక్కువ, ఇక్కడి జున్ను మాత్రం ముఖ్యంగా ఆవుపాలది. ఆలుగడ్డలకు గ్రీసు అంతటా పేరు. కారం ఎక్కడా లేదు. మా బావమరిది జేబులోంచి ఎండుమిరప పొడి పొట్లం తీశాడు, నావికుడు కదా. పులిహోర డ్రైవరు తిన్నాడు. రెండోసారి అడిగి తిన్నాడు.

ఇక నన్ను కదిలించిన ఊరి సంగతి. పేరు అపీరాంథోస్. కొండమీద, రేవుపట్నానికి సుమారు 17 మైళ్ళు. ఊరిలోని సందులు కూడా పాలరాతి పలకలే. ఆ దారిలో డ్రైవరు కారాపి రోడ్డు పక్కనుంచి ఒక నల్లని రాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. గుప్పెడు రాయి, సేరు బరువు. “ఇదేమిటో చెప్పండి” అన్నాడు. నాకు తెలియలేదు. “ఎమరీ” అన్నాడు.

పాఠకులారా, ఇరవై రెండేళ్ళుగా నేను లెడ్జరులో “ఎమరీ గుడ్డ, ఇన్ని తావులు” అని వ్రాస్తున్నాను. అది ఒక కొండలో పుట్టే రాయి అనిగాని, దానికి ఒక ఊరున్నదనిగాని ఒక్కనాడూ అనుకోలేదు. ఈ రాతి పొడితోనే అక్కడివారు నాలుగు వేల ఏళ్ళకు పూర్వమే పాలరాతి బొమ్మలను నునుపు చేశారు. అందులో కోసే గుణం కోరండం అనే ఖనిజానిది. ఆ కోరండం అనే పేరు మన కురువిందమే, తమిళంలో కురుందం. దక్షిణాది మాటే ఇంగ్లీషుకు పోయినది. మన ఊరి పేరు పెట్టుకున్న పిల్లవాడు దూరదేశంలో కనిపించినట్లయినది నాకు.

అపీరాంథోస్, కొరొనోస్ మొదలైన ఊళ్ళ మగవాళ్ళు తరతరాలుగా ఈ రాయి తవ్వి బ్రతికారు. తవ్వే హక్కు ఆ ఊళ్ళవారికే, కొనేది సర్కారు. 1920ల దశకంలో గనుల నుంచి ముత్సూనా రేవుదాకా ఆకాశమార్గాన తాడుకు బుట్టలు కట్టి రాయి దించారు. ఆ స్తంభాలు, తుప్పుపట్టిన బుట్టలు నేటికీ కొండపక్కన వేలాడుతున్నవి. 1890ల నుంచే అమెరికాలో కొలిమిలో కృత్రిమంగా కార్బొరండం తయారుకావడం మొదలయినది. క్రమంగా ఈ కొండ రాయికి గిరాకి పడిపోయినది. ఇప్పుడు తవ్వకం నామమాత్రం. మా స్టోర్సులోని ఎమరీ గుడ్డ చాలావరకు కొలిమిలో పుట్టినదేనట, పేరు మాత్రం ఎమరీ. డ్రైవరు తండ్రి గనిలో పనిచేసినవాడు. కొడుకు కారు నడుపుతున్నాడు. “మా నాన్న కొండ లోపలికి వెళ్ళేవాడు, నేను చుట్టూ తిరుగుతున్నాను” అన్నాడు.

1941 మే 30 రాత్రి ఏథెన్సులోని ఆక్రోపోలిస్ కొండ ఎక్కి జర్మనుల జెండాను దించిన ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకడు, మనోలిస్ గ్లెజోస్, ఈ ఊరిలో పుట్టినవాడే. అప్పటికతనికి పద్దెనిమిదేళ్ళు. 2020లో, తొంభైఏడేళ్ళ వయసులో పోయాడు. ఊళ్ళో అతని పేరు చెప్పేటప్పుడు డ్రైవరు గొంతు కొంచెం మారినది.

ఊరిలో స్త్రీల సహకార సంఘం ఉన్నది. చెక్క మగ్గాలమీద బట్ట నేసి అమ్ముతారు. మేము వెళ్ళిన ఇంట్లో ఒక ముసలమ్మ మగ్గం దగ్గర కూర్చున్నది. కాళ్ళతో తొక్కుతూ నాడె అటూ ఇటూ విసురుతున్నది. ఆమె ఏదో అన్నది. డ్రైవరు రెండోసారి అడిగి తెలుసుకున్నాడు. మా అమ్మాయి అది కనిపెట్టి “మీరు గ్రీకువారే కదా, ఆమె మాట మీకే అర్థం కాలేదా?” అని అడిగినది. అతడు నవ్వి, తాను రేవుపట్నంలో పెరిగినవాడననీ, ఈ ఊరివారి పలుకు వేరనీ చెప్పాడు. వీళ్ళ పూర్వులు ఎప్పుడో క్రీటు దీవి నుంచి వలస వచ్చారని చెప్పుకుంటారు. వచ్చి వందల ఏళ్ళయినా మాటలో క్రీటు యాస పోలేదు. పెళ్ళిళ్ళలో ఒకరు రెండు పాదాల పదం కట్టి అంటే ఇంకొకరు అప్పటికప్పుడు బదులు కట్టి అంటారు. వాటిని కొత్సాకియా అంటారు. మన వియ్యపురాళ్ళ పాటలవంటివి.

మా అమ్మాయి ఇదంతా తెలుగు చేసి నాకు చెప్పి ఒక నిమిషం ఊరుకున్నది. తరువాత “మనలాగా” అన్నది.

నేను జవాబు చెప్పలేదు. మనవాళ్ళు విజయనగరం కాలంలో, నాయకుల కాలంలో ఈ కొంగునాడుకు వచ్చారని పెద్దలు చెబుతారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా నాయనకు తెలుగు అక్షరం రాదు. నేను ఇరవై ఏళ్ళు దాటాక సంఘం సాయంకాలపు తరగతిలో దిద్దుకున్నాను. అమ్మాయిని అదే తరగతికి పంపితే రెండు వారాలు వెళ్ళి, ట్యూషను ఉన్నదని మానేసినది. నేనూ గట్టిగా చెప్పలేదు. మార్కులు ముఖ్యం కదా అనుకున్నాను. ఆ ముసలమ్మ ముందు నిలబడి ఆ సంగతి తలచుకుంటే నాకు సిగ్గువేసినది. ముసలమ్మ మాకు తెలియని భాషలో ఇంకేదో చెబుతూనే ఉన్నది. మా ఇంటావిడ తెలుగులోనే బదులు చెప్పినది. ఇద్దరూ బట్ట అంచు పట్టుకొని చూస్తూ చాలాసేపు మాట్లాడుకున్నారు. దుబాసీలు అక్కరలేకపోయినది. ఒక చిన్న చేతిగుడ్డ కొన్నాము. బేరం ఆడలేదు. మా ఇంటావిడ బేరం ఆడకుండా కొన్న వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

తిరుగు దారిలో ఫ్లేరియో అనే చోట పాలరాతి గని దగ్గర చెట్లనీడలో ఒక విగ్రహం పడుకొని ఉన్నది. మూడు నిలువుల మగవాడు. రెండువేల అయిదువందల ఏళ్ళ క్రిందట చెక్కుతుండగానో తరలిస్తుండగానో కాలు విరిగినది, అక్కడే వదిలేశారు. మా ఫౌండ్రీలో పోత చెడితే మళ్ళీ కరిగించి పోస్తాము. రాతికి ఆ అవకాశం లేదు.

సాయంకాలానికి రేవు చేరాము. రేవుపక్కన చిన్న లంక, దానికి రాతికట్ట దారి. లంకమీద ఒక్క వాకిలి నిలబడి ఉన్నది, సుమారు ఇరవై అడుగుల ఎత్తు. గుడి లేదు, గోడ లేదు, ద్వారబంధం మాత్రమే. పోర్తారా అంటారు. క్రీస్తుపూర్వం 530 ప్రాంతంలో లిగ్దమిస్ అనే ప్రభువు మొదలుపెట్టాడు. అతని అధికారం కూలిపోయి గుడి ఆగిపోయినది. 1207లో వెనిసు నుంచి వచ్చిన మార్కో సనూదో దీవిని పట్టుకొని కోట కట్టించాడు. ఆ కోటకు ఈ గుడి రాళ్ళు మోసుకుపోయారు. ద్వారం రాళ్ళు మరీ బరువై మిగిలిపోయినవంటారు. మే నెలలో అక్కడ రాత్రి ఎనిమిది దాటితే గాని పొద్దు కుంకదు. మా ఇంటావిడ గాలికి కొంగు పట్టుకొని ఒక రాతిమీద కూర్చున్నది. మోకాళ్ళ మాట ఎత్తలేదు.

రేవులో మా అమ్మాయి ఆ వాకిలి బొమ్మ ఉన్న కార్డు కొని అవ్వకు ఉత్తరం వ్రాసినది. మాటలన్నీ తెలుగే, లిపి తమిళం. కార్డు మేము ఇల్లు చేరిన తరువాత పదకొండు రోజులకు వచ్చినది. మా అమ్మకు ఏ లిపీ రాదు గనుక వ్రాసిన పిల్లే చదివి వినిపించినది. కొండ, నల్లరాయి, మగ్గం, ముసలమ్మ, ఆమె యాస, అంతా విన్నది మా అమ్మ.

“ఆ మగ్గం ఆమె మనుమరాళ్ళకు వచ్చునా?” అని అడిగినది.

ఆ మాట మేమెవరమూ అడగలేదు.