గీసేవాళ్ళని అడగకుండా లాప్‌టాప్ కొనకండి

మా రెడ్డిగూడెంలో మామిడి తోట తీసుకునే మనిషి పూత చూస్తాడు, చెట్ల వయసు చూస్తాడు, నీళ్ళ సంగతి అడుగుతాడు. తోట గేటు ఎంత ఎత్తుందో కొలవడు. లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన ఇళ్ళల్లో అందరూ గేటే కొలుస్తారు. ఐ7 ఉందా, గ్రాఫిక్స్ కార్డు ఉందా, స్క్రీన్ పెద్దదేనా. దాని మీద బొమ్మలు వేసే ఆడమనిషిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగరు.

చివరికి మనకి దక్కేది రెండింట్లో ఒకటి. అబ్బాయి ఇంజనీరింగ్ అయ్యాక మిగిలిన పాతది, లేదంటే "పవర్‌ఫుల్" అని మరిదిగారు ఎంచిన గేమింగ్ లాప్‌టాప్. అది రెండున్నర కిలోలుంటుంది. ఇటుక లాంటి దాని ఛార్జర్ ఇంకో అరకిలో. చంకలో పిల్ల, చేతిలో క్యారేజీ, భుజాన ఈ బరువు వేసుకుని మైలవరంలో బస్సు మారి బెజవాడ వెళ్ళమనండి, ఎంచినాయన్ని! పైగా రెండు మూడు గంటలకే దాని బ్యాటరీ అయిపోతుంది. ఎండాకాలం కరెంటు సంగతి మనకి తెలిసిందే.

"టచ్ ఉంది కదమ్మా, గీసుకోవచ్చు" అంటాడు షాపులో అబ్బాయి. నాకు ఒళ్ళు మండేది ఈ మాటకే. వేలితో తాకితే పలకడం వేరు, పెన్ను ఒత్తిడి తెలుసుకోవడం వేరు. ముగ్గు వేసేటప్పుడు వేళ్ళు కాస్త వదులు చేస్తే గీత లావవుతుంది, బిగిస్తే సన్నబడుతుంది. ఒత్తిడి తెలిసే పెన్ను చేసేదీ అదే పని. ఉత్త టచ్ స్క్రీన్‌కి ఆ తేడా తెలియదు. అరచెయ్యి ఆనితే అదీ గీతే అనుకుంటుంది. పెన్ను డబ్బా మీద 4096 అని రాసి ఉంటే అన్ని స్థాయిల ఒత్తిడిని గుర్తిస్తుందని లెక్క. కానీ ఆ అంకె చూసి మురిసిపోకండి. షాపులోనే నిదానంగా ఒక మెలికల ముగ్గు వేసి చూడండి. ఏటవాలు గీత వణికితే ఆ మిషను మనకొద్దు. సేల్స్ అబ్బాయి నవ్వితే నవ్వనివ్వండి.

రంగుల సంగతి ఎవరూ చెప్పరు. తక్కువ ధర వాటిల్లో చాలావాటికి స్క్రీన్ వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది. అంటే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. జాకెట్టు డిజైన్‌లో మీరు పెట్టిన చిలకపచ్చ, మగ్గం వర్క్ చేసేవాళ్ళ ఫోన్‌లో ఇంకేదో అవుతుంది. వాళ్ళు దారం కొనేది దాన్ని చూసే కదా! 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని ఉన్నదే అడగండి. ర్యామ్ 16 జీబీ తీసుకోండి. సన్నటి లాప్‌టాప్‌లలో చాలావాటికి అది బోర్డు మీదే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం.

నా ఓటు 13, 14 అంగుళాల స్క్రీన్ వెనక్కి పూర్తిగా మడిచేవాటికి. కిలోన్నర లోపు, సీ టైపు ఛార్జర్‌తో. కీబోర్డు ఊడదీసేవి ఇంకా తేలిక, కానీ వెనక కాలు ఆనించడానికి బల్ల కావాలి. బస్సులో ఒళ్ళో నిలబడవు. వాటికి పెన్నూ కీబోర్డూ చాలాసార్లు విడిగా కొనాలి, ధర అడిగేటప్పుడు కలిపి అడగండి. మ్యాక్‌బుక్ స్క్రీన్ మీద అసలు గీయలేం. ఐప్యాడ్ మంచిదే, ప్రొక్రియేట్ ఒక్కసారి డబ్బు కడితే చాలు. కానీ అది ఐప్యాడ్‌లోనే నడుస్తుంది. బిల్లులూ పిల్లల ప్రాజెక్టులూ అన్నీ ఒకదాంట్లోనే కానివ్వాలంటే విండోస్‌దే నయం. అందులో క్రిత ఉచితం, నెలనెలా అద్దె కట్టే బాధ లేదు. చేతిలో డబ్బు తక్కువుంటే పాత లాప్‌టాప్‌కే స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ తగిలించుకోవచ్చు. ఇంట్లో బల్ల మీద బాగానే సాగుతుంది, ప్రయాణంలో కుదరదు.

"సరదాకి అంత ఖర్చా?" అంటారు. అబ్బాయి తన లాప్‌టాప్‌లో నాలుగేళ్ళూ సినిమాలు చూసినా దాని పేరు చదువే. ఆడమనిషి అందులో పది జాకెట్ల డిజైన్లు గీసి డబ్బు తెచ్చినా అది సరదాయే. సరే, సరదాయే అనుకుందాం. ఇంట్లో మోటారు సైకిలు మార్చినప్పుడు పాతదానికేమయిందని ఎవరడిగారు? పుట్టింటికి వెళ్ళినా, ఆసుపత్రిలో అత్తగారి మంచం పక్కన కూర్చున్నా, మనకి దొరికే అరగంట అక్కడే. మిషను అక్కడికి రాకపోతే ఆ అరగంటా పోయినట్టే.

ఈసారి షాపుకి మీరే వెళ్ళండి. పక్కన ఎవరున్నా పెన్ను మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. ఆ మిషన్‌తో ఆ పెన్నే పనిచేస్తుందా, పెట్టెలో వస్తుందా, పోతే విడిగా దొరుకుతుందా అని బిల్లు వేసేలోపే అడగండి.