వంశవృక్షమూ, కూలీల జాబితా

వంశచరిత్రలు అచ్చువేసుకునే వేడుక యీమధ్య మన పట్టణాల్లో బాగా పెరిగింది. షష్టిపూర్తులకూ పెళ్ళిళ్ళకూ యీ పుస్తకాలు పంచుతున్నారు. అందులో ఒక చెట్టుబొమ్మ వుంటుంది. చెట్టు మొదట్లో ఒక దండనాయకుడు, ఒక మంత్రి, కనీసం అగ్రహారం పుచ్చుకున్న ఒక పండితుడు వుంటాడు. కొమ్మకొమ్మకూ మగవాళ్ళుంటారు. నేను చూసిన యే చెట్టు వేళ్ళలోనూ పాలేరు లేడు. తెలుగుదేశమంతటా దండనాయకులే పుట్టివుంటే, అప్పుడు పొలాలు దున్నిందెవరు?

మా యింటి పుస్తకం కూడా అచ్చయింది. మా పెద్దన్నయ్య నాలుగేళ్ళు కష్టపడి తయారుచేశాడు. అతని శ్రమను నేను తక్కువ చెయ్యను. కాని అందులో మా ముత్తాతకు తోడబుట్టినవాళ్ళు అన్నచోట ముగ్గురు మగవాళ్ళ పేర్లున్నాయి. ఆపైన ఒక్క మాట: “ఒక చెల్లెలు, చిన్నతనంలోనే గతించెను.” ఆమె మా తాతగారికి మేనత్త. గోదావరి తీర్థానికి వెళ్ళి కలరా తగిలి పోయిందని మా యింట్లో చెప్పుకునేవారు. ఆమె పసితనంలో గంజికుండ తొణికి యెడమచెంప కాలిందనీ, ఆ మచ్చ పోలేదనీ మా నాయనమ్మ అత్తగారి నోట విని మాకు చెప్పింది.

ఆమె గోదావరికి పోలేదు. నేటాలుకు పోయింది.

నేటాలు అంటే దక్షిణాఫ్రికాలో తూర్పుకోస్తా, చెరకుతోటల దేశం. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసునుంచి 342 మందిని తీసుకుపోయి డర్బన్‌లో దింపింది. అది మొదలు 1911 దాకా మన దేశంనుంచి ఆ తోటలకు వెళ్ళినవారు 1,52,184 మంది. వారిలో యెక్కువమంది మద్రాసు రేవులో ఓడ యెక్కినవారే; తమిళులు, మన తెలుగువాళ్ళు. అయిదేళ్ళ ఒప్పందం. మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతం. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక అంకె. ఆ అంకెకెదురుగా పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, వూరు, వొంటిమీది గుర్తులు. ఆ జాబితాలు యీనాటికీ చెక్కుచెదరకుండా వున్నాయి. యిప్పుడు కంప్యూటరులోనే వెతుక్కోవచ్చును.

నేను వెతికింది మా వాళ్ళకోసం కాదు. విశాఖపట్నం జిల్లానుంచి వెళ్ళినవాళ్ళ వూళ్ళు ఒకచోట చేర్చి క్లాసులో చూపిద్దామనుకున్నాను. 1898లో దిగిన ఒక ఓడ జాబితాలో మా వూరిపేరు కనిపించింది. మా ముత్తాత తండ్రి పేరు తండ్రి స్థానంలో వుంది. వయస్సు ఇరవైనాలుగు. యెడమచెంపమీద కాలిన మచ్చ. వెంట మగవాడి పేరు లేదు. తరవాతి అంకెమీద నాలుగేళ్ళ ఆడపిల్ల.

అచ్చుకాగితం తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. చదివాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “తమ్ముడూ, మొగుడు పోయిన ఆడది పిల్లను చంకనేసుకుని కూలీల వోడెక్కిందని అచ్చువేస్తే రేపు మన పిల్లలకు సంబంధాలు వస్తాయిట్రా?” అన్నాడు. “చచ్చిపోయిందని వేస్తే వస్తాయా అన్నయ్యా?” అన్నాను. “వస్తాయి” అన్నాడు. అతను అబద్ధమాడలేదు. మన సంఘం సంగతి అతనికి నాకన్న బాగా తెలుసును.

పరువు అనే ఆ దేవత ముందు మా తాతగారి మేనత్తను ఒకసారి బతికుండగానే బలియిచ్చారు. యిప్పుడు పుస్తకంలో రెండోసారి బలియిచ్చారు.

ఇది ఒక్క మా యింటి దోషం కాదు. వంశాన్ని యెవరు రాస్తారు, యెవరికోసం రాస్తారు అన్నదే అసలు ప్రశ్న. భట్రాజులు వంశాలు పొగిడారు, కట్నాలిచ్చినవారి వంశాలే. పిచ్చికుంట్లవారు గోత్రాలు చెప్పారు. కళ్ళంలో గింజలు కొలిచినవారి గోత్రాలే. హరిద్వారంలో పండాల బహీలలో తరతరాల పేర్లున్నాయి. యాత్రకు డబ్బున్నవాడి పేర్లే. డైగ్లాటులో పట్టాదారున్నాడు, అతని పాలేరు లేడు. మాదిగల వంశకథను డక్కలివారు తరాలుగా చెప్పుకొచ్చారు. దాన్ని చరిత్ర అనడానికి మన పండితులకు యెంతకాలం నోరు రాలేదో అందరికీ తెలిసిందే.

కూలీల జాబితా రాసిన గుమాస్తా మాత్రం కూలివాళ్ళమీద ప్రేమతో రాశాడా? లేదు. పశువుకు వాతవేసినట్టు మనిషికి అంకె వేశాడు. పారిపోతే పట్టుకోవడానికే మచ్చలు రాసుకున్నాడు. మన పేర్లు అతని చెవికి తోచినట్టు రాశాడు. యింటిపేరుకు ఆ జాబితాలో గడే లేదు. తెలుగువాడు తరతరాలుగా మోసుకొచ్చిన యింటిపేరు ఆ రేవులోనే రాలిపోయింది. వయస్సులు అంచనాలు, కులాలు చెప్పుకున్నవి. కనక ఆ కాగితాన్ని వేదవాక్కుగా తీసుకోమని నేననను. యజమాని తన సొత్తుకు రాసుకున్న లెక్క అది. అయినా బానిసత్వపు చిట్టాలోనే ఆమె పేరు మిగిలింది. పుట్టింటి పుస్తకంలో మిగలలేదు. సిగ్గుపడవలసిందెవరు?

మా అభ్యుదయ మిత్రులొకరు యింకో ఆక్షేపణ చేశారు: “వంశాల గొడవ భూస్వాముల వినోదం. మనకు వర్గం ముఖ్యం గాని తాతముత్తాతలెందుకు?” ఈ మాట వినడానికి బాగానే వుంది. కాని వర్గం గాలిలో వుండదు. వూరు విడిచిన మనుషులే వర్గం. 1895లో నేటాలు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఒప్పందం తీరాక మళ్ళీ సంతకం చెయ్యకుండా, స్వదేశానికీ పోకుండా వుండిపోయిన కూలివాడు యేటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. నెలకు పది షిల్లింగుల లెక్కన అది ఆరు నెలల జీతం. 1903లో ఆ పన్నును పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లలకూ పెట్టారు. 1898లో నాలుగేళ్ళదిగా ఓడ దిగిన పిల్లకు 1907లో పదమూడు నిండుతాయి. ఆ పన్నుమీదనే 1913లో వేలాది కూలీలు సమ్మెకట్టారు. 1914లో పన్ను రద్దయింది. పాఠ్యపుస్తకంలో యీ సంగతి గాంధీగారి జీవితంలో ఒక ఘట్టంగా చదివాను, ముప్పయ్యేళ్ళు చదివించాను. ఆ గుంపులో మా యింటి పిల్ల వుండివుండవచ్చునని తెలిశాకనే అది నా చరిత్ర అయింది.

మనం వదిలేసిన చోటును యెవరూ ఖాళీగా వుంచరు. వంశాన్ని మనం పట్టించుకోకపోతే కులసంఘాలు పట్టించుకుంటాయి. దండనాయకులను పుట్టిస్తాయి.

అందుచేత విద్యార్థులతో, ఉపాధ్యాయులతో నేననేది యిదే. మీ జిల్లాపేరు పెట్టి ఆ జాబితాలు తెరవండి. మీ వూళ్ళనుంచి వెళ్ళినవారిని వూరివారీగా రాయండి. ఆ యేళ్ళ కరువులెప్పుడో చూడండి. బడి రిజిస్టర్లు, చావుపుట్టుకల రిజిస్టర్లు పక్కన పెట్టి సరిపోల్చండి. యిళ్ళల్లో ముసలమ్మలను అడగండి. “తీర్థానికెళ్ళి పోయింది” అన్నచోట ఆగి, మరొక్కసారి అడగండి.

మా పుస్తకం రెండో కూర్పు రాబోతున్నది. “గతించెను” అన్న మాట కొట్టివేసి, ఆమె పేరూ ఆమె బిడ్డ పేరూ వెయ్యాలని నేనూ, వద్దని అన్నయ్యా వాదించుకుంటూనే వున్నాం. ఆమె పేరు యిక్కడ రాయలేదేమని మీరడగవచ్చును. మొదట అది పుట్టింటి పుస్తకంలో పడాలి. పత్రికలో పడడం ఆ తరవాత.