పాత ట్యాంకు కిట్టును పారేయకండి



దసరాకు ఇల్లు దులిపేటప్పుడు అటక మీద నుంచి చాలా సామాన్లు దిగుతాయి. వాటిలో సగం అతికించి వదిలేసిన ప్లాస్టిక్ ట్యాంకు కిట్టు కనిపించే ఇళ్లు మన దగ్గర తక్కువే, కానీ లేకపోలేదు. ఆర్మీలో పనిచేసి వచ్చిన మేనమామ తెచ్చి ఉంటారు, లేదా విదేశాల నుంచి వచ్చిన బాబాయి ఇచ్చి ఉంటారు. పెట్టె నలిగిపోయి ఉంటుంది, ఒక చక్రం కనిపించదు, అక్కడక్కడా జిగురు మరకలు. "ఇదెందుకులే, ఆన్‌లైన్‌లో కొత్తది కొనిద్దాం" అనుకుంటారు మీరు. కొనకండి. ఆ పాతదాన్నే పిల్లల చేతికివ్వండి. ఇచ్చాక మీరు మాత్రం చెయ్యి పెట్టకండి. ఈ నెల నేను చెప్పదలచుకున్నది ఇంతే.

నేను మన బ్రాంచిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఫిజిక్స్ చెబుతాను. ఖాళీ దొరికితే ఇలాంటి మోడల్స్ చేస్తుంటాను కనుక నా మాటల్లో కొంత పక్షపాతం ఉందనిపిస్తే ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

కొత్త కిట్టులో దాదాపు అన్నీ సరిగ్గానే ఉంటాయి. కొలతలు సరి, బోల్టులు సరి, పైన అతికించడానికి ఎచ్చింగ్ చేసిన సన్నని ఇత్తడి రేకులు కూడా పెట్టెలోనే వస్తాయి. పిల్లవాడు చేయాల్సిందల్లా కాగితం మీద ఉన్న అంకెల ప్రకారం ముక్కలు అతికించుకుంటూ పోవడం. అది చెడ్డ పనేమీ కాదు, కానీ గైడు దగ్గర పెట్టుకుని జవాబులు రాయడం లాంటిది. పాత కిట్టులో తప్పులుంటాయి. తప్పు ఎక్కడుందో కనిపెట్టాలంటే అసలు ట్యాంకు ఎలా ఉంటుందో ముందు తెలుసుకోవాలి. అక్కడి నుంచి అది బొమ్మగా ఉండదు, పరిశీలనగా మారుతుంది.

ఆ తప్పులు ఎందుకొచ్చాయన్నది కూడా పిల్లలకు చెప్పదగ్గ కథే. ట్యాంకు మోడల్స్‌లో ఎక్కువగా కనిపించే కొలత 1/35, అంటే అసలు 35 సెంటీమీటర్లకు మోడల్‌లో ఒక సెంటీమీటరు. ఎవరైనా 30 ఎంచుకుంటారు, 40 ఎంచుకుంటారు. ఈ 35 ఎక్కడిది? జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టామియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ అనే జర్మన్ ట్యాంకు కిట్టు తయారుచేసింది. అది మోటారుతో నడిచే బొమ్మ. లోపల రెండు బ్యాటరీలు పట్టాలి కనుక ఆ మేరకు సైజు నిర్ణయించారు. తర్వాత లెక్కేసి చూస్తే అది సుమారు 1/35 అని తేలింది. ఆ తర్వాత మిగతా కిట్లు కూడా అదే కొలతకు వచ్చాయి, వేరే కంపెనీలూ అదే దారి పట్టాయి. ప్రపంచమంతా పాటిస్తున్న ప్రమాణం బ్యాటరీ సైజు వల్ల పుట్టిందంటే మా తరగతిలో మొదట ఎవరూ నమ్మలేదు.

ఆ కాలపు కిట్లలో మోటారు గుర్తులు ఇప్పటికీ ఉంటాయి. ట్యాంకు అడుగున తిప్పి చూడండి: స్విచ్ కోసం చీలిక, స్క్రూల కోసం రంధ్రాలు. అసలు ట్యాంకుకు అవి ఉండవు. పూడ్చడానికి బజారు నుంచి ఏదీ తేనక్కర్లేదు. కిట్టులో ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి తగిలించి వస్తాయి కదా, ఆ చట్రాన్ని ముక్కలుగా తుంచి ప్లాస్టిక్ మోడల్ జిగురులో నానబెడితే కరిగి లేహ్యంలా అవుతుంది. దాంతో రంధ్రం నింపి, రెండు రోజులు ఆరనిచ్చి, ఆకురాయితోనూ ఉప్పుకాగితంతోనూ నునుపు చేయాలి. ఆ రెండు రోజులు ఆగడం మా పిల్లలకు లెక్కల పరీక్ష కంటే కష్టమైంది.

తర్వాత ఫిరంగి గొట్టం. రెండు సగాలుగా వస్తుంది. అతికిస్తే మధ్యలో గీత మిగులుతుంది, అది పోయేదాకా గుండ్రంగా అరగదీయాలి. ఒకే చోట అరగదీస్తే గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మూతి మూసుకుపోయి ఉంటే చేతితో తిప్పే చిన్న డ్రిల్‌తో సరిగ్గా కేంద్రంలో తొలచాలి. వృత్తానికి కేంద్రం కనుక్కోవడం లెక్కల పుస్తకంలో ఉంది. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం మీద కనుక్కోవాల్సి వచ్చినప్పుడు ఆ పాఠం ఎందుకుందో తెలుస్తుంది.

ఇక ట్యాంకు మీద పలుగు, పార, గొడ్డలి ఉంటాయి. పాత కిట్లలో ఇవి విడిగా ఉండవు, పై పలకతో కలిపే అచ్చు పోసేస్తారు. పట్టుకునే కడ్డీలు కూడా అంతే, పలకకు అతుక్కుపోయిన గట్లలా కనిపిస్తాయి. వాటిని చెక్కేసి, కరెంటు వైరు లోపలి రాగి తీగను వంచి కొత్త కడ్డీలు పెట్టవచ్చు. అదే సన్నని తీగలు నాలుగైదు కలిపి పేనితే, బురదలో దిగబడిన ట్యాంకును లాగే ఇనుప తాడు తయారవుతుంది. చట్రం ముక్కను కొవ్వొత్తి సెగ మీద వేడిచేసి రెండు వైపులా మెల్లగా లాగితే వెంట్రుకంత సన్నని వైర్‌లెస్ ఏరియల్ వస్తుంది (ఇది మాత్రం పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే). టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి మడతపెడితే అచ్చం టార్పాలిన్.

గొలుసు సంగతి ఇంకా బాగుంటుంది. పాత కిట్లలో అది రబ్బరులాంటి పట్టీ, చక్రాల మీద బెల్టులా బిగుసుకుని ఉంటుంది. అసలు ట్యాంకు గొలుసు ఇనుప లింకులది, తన బరువుకు తానే చక్రాల మీదకు వాలుతుంది. దారంతోనో జిగురుతోనో పట్టీని కిందికి లాగి ఉంచేసరికి బొమ్మ బరువైనదిగా కనిపిస్తుంది, నిజానికి ఒక్క గ్రాము కూడా పెరగకపోయినా. కొన్ని పాత కిట్లలో ఏళ్ల తరబడి ఆ పట్టీ తగిలి ఉన్న చోట చక్రాలు కరిగిపోయి ఉంటాయి. పట్టీని మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనం మెల్లగా చక్రంలోకి దిగి ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. మీ ఇంట్లో అలాంటి చక్రం ఉంటే పారేయకుండా మా కెమిస్ట్రీ మాస్టారికి పంపించండి.

ఇప్పుడు నా సబ్జెక్టు. ప్లాస్టిక్ మడ్‌గార్డు మందం ఒక మిల్లీమీటరు అనుకుందాం. 35తో గుణిస్తే మూడున్నర సెంటీమీటర్లు. అసలు మడ్‌గార్డు పలుచని ఇనుప రేకు. అంచును లోపలి వైపు నుంచి అరగదీసి సన్నం చేయాలని లెక్కే చెబుతుంది. టీ-55 ట్యాంకు బరువు సుమారు 36 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 35 వంతులు తగ్గితే బరువు 35ను మూడుసార్లు గుణించినంత తగ్గుతుంది, అంటే 42,875 వంతులు. లెక్కిస్తే 840 గ్రాములు. అదే ఇనుముతో చేస్తే మోడల్ అంత తూగాలి. నేల మీద ఆనే వైశాల్యం మాత్రం 35ను రెండుసార్లు గుణించినంతే తగ్గుతుంది. అందుకే ఇనుముతో చేసినా బొమ్మ ట్యాంకు నేలపై కలిగించే ఒత్తిడి అసలు దానిలో 35వ వంతే. "సార్, చీమ అంత బరువు ఎలా మోస్తుంది?" అని వెంటనే ఒకరు అడిగారు. అది సిలబస్‌లో లేదు. ఆ పీరియడ్ మొత్తం దానికే పోయింది, నాకేమీ బాధ లేదు.

చివర్లో మట్టి పూయడానికి కూడా ఇదే లెక్క. నాగావళి ఒడ్డున మట్టి అలాగే తెచ్చి అంటిస్తే మిల్లీమీటరు ఇసుక రేణువు మోడల్ మీద మూడున్నర సెంటీమీటర్ల రాయవుతుంది. వస్త్రగాళితం పట్టాల్సిందే. మా అమ్మమ్మ కాలంలో మందుల పొడికి వాడిన మాట ఇప్పుడు ట్యాంకు బురదకు వాడుతున్నాను.

అసలు ట్యాంకు చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. ఈసారి విశాఖ బీచ్ రోడ్డుకు వెళ్లినప్పుడు యుద్ధ స్మారకం దగ్గర ట్యాంకు ముందు సెల్ఫీతో ఆపేయకుండా పిల్లలను చక్రాలు లెక్కపెట్టమనండి. అయిదు పెద్ద చక్రాలుండి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎక్కువ ఖాళీ ఉంటే అది టీ-54, టీ-55 కుటుంబం. ఖాళీలు వెనక చక్రాల మధ్య ఉంటే టీ-62. ఎదురుగా ఉన్న కుర్సురా జలాంతర్గామి టికెట్ క్యూలో నిలబడ్డంతసేపైనా పట్టదు ఈ పరీక్ష. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వైపు వెళితే ఇంకో పాఠం ఉంది. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే అక్కడి కళాకారులు జ్ఞాపికలుగా ఇచ్చే బుల్లి వీణలు కూడా చేస్తారు. పెద్ద వీణ, బుల్లి వీణ పక్కపక్కన పెట్టి, కుండ ఎంత తగ్గింది, తీగ మందం కూడా అంతే తగ్గిందా అని చూడమనండి. స్కేల్ మోడల్ అనే మాట వినకముందే మన జిల్లాలో ఆ పని చేస్తున్నవాళ్లున్నారని పిల్లలకు తెలియాలి.

పేరెంట్స్ మీటింగుల్లో నాకు తరచూ ఎదురయ్యే మాటలు రెండు. మొదటిది: పిల్లలకు యుద్ధం బొమ్మలెందుకు? న్యాయమైన ప్రశ్నే. మీట నొక్కితే గుండ్లు పేల్చే బొమ్మ నాకూ ఇష్టం లేదు. కానీ ఒక ట్యాంకును నిజానికి దగ్గరగా తేవాలని కూర్చున్న పిల్లలు, అందులో ఎవరు కూర్చున్నారని తప్పకుండా అడుగుతారు. 1971 డిసెంబరు 16న బసంతర్ యుద్ధంలో పూనా హార్స్ రెజిమెంటుకు చెందిన అరుణ్ ఖేతర్‌పాల్ సెంచూరియన్ ట్యాంకులో ఉన్నారు. ఆ ట్యాంకు పేరు ఫామగుస్టా. మంటలంటుకున్నా వదిలి రాలేదు, అక్కడే ప్రాణం వదిలారు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. వయసు 21 ఏళ్లు. మన పదో తరగతి పిల్లల కంటే ఆరేళ్లు పెద్ద. సెంచూరియన్ మోడల్ చేస్తూ, లోపల నలుగురికి ఎంత చోటుంటుందో కొలిచి చూసిన పిల్లలు యుద్ధాన్ని ఆటగా తీసుకుంటారని నేననుకోను.

గతేడాది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు అలాంటి పాత కిట్టే తెచ్చుకుంది. వాళ్ల తాతయ్య సైన్యంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆ రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేవారు కాదట. ఈ అమ్మాయి రాగి తీగతో లాగుడు తాడు పేని ట్యాంకు మీద వేలాడదీస్తే, పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "అలా వదిలేస్తే దారిలో కొమ్మలకు చిక్కుకుంటుందమ్మా, బిగించి కట్టు" అన్నారు. ఆమె ఊడదీసి మళ్లీ కట్టింది. అది కూడా ఆయనకు నచ్చలేదు. మూడోసారి కడుతుండగా ఆయన పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. ఏం చెప్పారో ఆ అమ్మాయి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండో మాట: దీనివల్ల మార్కులొస్తాయా? ఆ అమ్మాయికి యూనిట్ టెస్టులో ఎప్పటిలాగే వచ్చాయి. మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. కానీ మీరు ఇప్పటికే మోడల్స్ మీద డబ్బు పెడుతున్నారు కదా? సైన్స్ ఎగ్జిబిషన్ వస్తే చాలు, రెడీమేడ్ థర్మాకోల్ అగ్నిపర్వతం, పేరు రాసుకోవడానికి చోటు వదిలిన చార్టు దుకాణాల్లో అమ్ముతారు. రాత్రి పదింటికి నాన్న జిగురు పెడుతుంటే పిల్లవాడు పక్కన నిద్రపోతుంటాడు. మర్నాడు స్టాల్ దగ్గర "ఇదెలా పనిచేస్తుంది?" అని అడిగితే మన గుంటలు అమ్మ ముఖం వైపు చూస్తారు. ఆ చూపు నాకు బాధ కలిగిస్తుంది. వంకరగా అతికిన చక్రం కలిగించదు. మన యాజమాన్యానికి కూడా ఒక విన్నపం: ఈ ఏడాది ఎగ్జిబిషన్‌లో బాగు చేసిన పాత వస్తువుకు, ముందు ఎలా ఉంది, ఏం తప్పు కనిపెట్టారు, ఎలా సరిచేశారు అన్న నోటుబుక్కుతో సహా, ఒక బహుమతి పెట్టండి.

జాగ్రత్తలు మాత్రం తప్పవు. ప్లాస్టిక్ జిగురు ఘాటు పీల్చకూడదు, వీధి అరుగు మీదో కిటికీ పక్కనో కూర్చుని చేయాలి. అరగదీసేటప్పుడు తడిపి చేస్తే పొడి లేవదు. కటింగ్ బ్లేడు ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఇవ్వకండి. చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇంట్లో ముక్కలు డబ్బాలో పెట్టి మూతేయాలి. రంగులు నీళ్లతో కలిసే అక్రిలిక్‌వి చాలు. ఇత్తడి రేకులు, ఖరీదైన అదనపు భాగాలు మొదటి మోడల్‌కు వద్దు, అవి కొన్న రోజున పిల్లల కళ్లు ట్యాంకు మీద నుంచి ధర మీదకు పోతాయి.

సెలవుల తర్వాత మొదటి శనివారం యాక్టివిటీ పీరియడ్‌లో నేను ఫిజిక్స్ ల్యాబులో ఉంటాను. పాత కిట్టు ఏది దొరికినా, ట్యాంకే కానక్కర్లేదు, ఓడైనా విమానమైనా పంపండి. మీరు ఏమీ అతికించకండి. మడ్‌గార్డు మందమో రెక్క అంచు మందమో స్కేలుతో కొలిచి, కాగితం మీద రాసుకుని రమ్మనండి.